కొత్త పడుగుకు పాత కొస

హిందూపురం స్టేషన్లో పొద్దున పూట నాకు రెండు దిక్కుల రైళ్ళూ కనపడతాండె. ఒకటి బెంగుళూరికి, ఇంగొకటి ధర్మవరానికి. నేనెక్కేది ధర్మవరం రైలు. కిటికీ పక్కన సీటు పట్టుకోని, అవతలి ప్లాట్‌ఫారం మీద బెంగుళూరు రైలుకు నిలబడినోళ్ళను చూసి రోజూ కడుపు మండించుకుంటాంటి. వాళ్ళేం మహారాజులా? నా మాదిరే డబ్బాలో చిత్రాన్నం కట్టుకోని పోయేటోళ్ళే. అయినా నా కండ్లకు వాళ్ళు యాడికో పోతాండారు, నేను పోయిన చోటికే మళ్ళా పోతాండా అనిపిస్తాండె.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది. హిందూపురంలోనే కంప్యూటర్ల డిగ్రీ చేసి ఇంట్లో కూర్చుంటి. మా నాయన పట్టుగూళ్ళ మార్కెట్లో పనిచేస్తాండె. ఆడికి వచ్చేవాళ్ళల్లో ధర్మవరం షావుకారి ఒకాయన ఉండె. పట్టుచీరలు నేయించి అమ్మే మనిషి. "మా పాప కంప్యూటరు చదివిందప్పా" అని నాయన అన్నాడంట, "అయితే పంపీ" అని ఆయన అన్నాడంట. నా ఉద్యోగం అంతే, రెండు టీ గ్లాసుల మధ్య తేలిపోయింది. నన్ను అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

షావుకారి నాకిచ్చిన పని డిజైన్లది. పట్టుచీర అంచులో మామిడిపిందె రావల్లంటే మగ్గం పైన జకార్డు అనే యంత్రం ఉంటాది. దానికి బొక్కలు కొట్టిన అట్టలు దండ మాదిరి తగిలిస్తారు. ఒక్కో అట్ట నేతలో ఒక్కో వరస. అట్టలో బొక్క యాడుంటే ఆడ పోగు పైకి లేస్తుంది, లేనిచోట కిందనే ఉంటాది. ముందు డిజైనును గళ్ళ కాగితం మీద గీసి, ఆ గళ్ళు చూసుకుంటా అట్టలకు బొక్కలు కొడతాండ్రి. ఒక గడి తప్పితే పిందెకు తోక వంకర. ఆ గళ్ళను వరసకు వరస కంప్యూటర్లో టైపు చేసి పెడితే, యాడ బొక్క కొట్టల్లో కంప్యూటరే చెప్పాలని షావుకారి ఆశ. దానికి తగిన సాఫ్ట్‌వేరు పెద్ద ఊర్లలో ఉండాదని ఆయనకూ తెలుసు. "నువ్వుండావు గదమ్మా, మళ్ళ సాఫ్ట్‌వేరు ఎందుకు?" అన్నాడు. పిచ్చిదాన్ని, పొగడ్త అనుకోని పొంగిపోయినా. అది మెడకు పడిన పలుపని తెలిసేదానికి శానా దినాలు పట్టింది.

టైపు చేసేది ఒక అక్క. నాకంటే పెద్దది, ధర్మవరంలోనే పుట్టి పెరిగిన నేతోళ్ళ ఆడమనిషి. గళ్ళ కాగితం ఎడమ పక్కన పెట్టుకోని, దాన్ని చూస్తానే "నాలుగు లేపు, రెండు వదులు, నాలుగు లేపు" అని నోట్లో గొణుక్కుంటా కీబోర్డు మీద టకటకా కొట్టేది. నేను అక్కా అని పిలిస్తే, ఆయమ్మ నన్ను పాపా అని పిలిచేది. ఆయమ్మకు ఉండే కోరిక ఒకటే. ఎప్పుడో ఒకప్పుడు ఈ గది నుంచి లేచిపోయి, సొంత ఇంట్లో సొంత మగ్గం ఎక్కి నేసుకోవల్ల. "ఒకరి గదిలో కూర్చుని ఒకరి చీరకు గళ్ళు లెక్కేసే బతుకు ఎన్నాళ్ళు పాపా?" అనేది. నేను నవ్వి ఊరుకుంటాంటి.

అక్క టైపు చేసిన దాన్ని చదివి అర్థం చేసుకునే పని నా స్క్రిప్టుది. పెర్ల్ అనే కంప్యూటరు భాషలో నేను రాసిన ప్రోగ్రాము అది. కాలేజీలో ఎవరూ చెప్పలేదు, కంప్యూటర్ సెంటర్లో ఎవరో వదిలిపోయిన పుస్తకం చూసి నేర్చుకుంటి. ప్రతి డిజైనుకూ మేము ఒక పద్ధతి పెట్టుకున్యాము. ముందు డిజైను పేరు, తర్వాత ఒక బ్రాకెట్ తెరుస్తాము, లోపల వరసలన్నీ, చివర బ్రాకెట్ మూస్తాము. ఆ మొత్తాన్ని వివరం అంటాంటిమి. ఫైల్లో వివరం యాడ మొదలై యాడ ముగిసిందో పట్టుకునేదానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ వాడినా. అదేం బ్రహ్మవిద్య కాదు, అక్షరాలకు వేసే ఉచ్చు. "పేరు వస్తుంది, బ్రాకెట్ తెరుచుకుంటుంది, లోపల ఏదన్నా ఉండనీ, బ్రాకెట్ మూసుకుంటుంది" అని గుర్తుల్లో రాస్తే, ఫైలంతా గాలించి అట్లాంటిది కనపడిన చోటల్లా పట్టేస్తుంది.

మొదట్లోనే ఒక పెద్ద కామెడీ అయింది. ఒకే ఫైల్లో హంస అంచు, గోపురం అంచు రెండూ ఉండాయి. "లోపల ఏదన్నా ఉండనీ" అనేదానికి నేను చుక్క, దాని పక్కన నక్షత్రం పెట్టినా. దాని ఆకలి నాకేం తెలుసు! మొదటి బ్రాకెట్ తెరిచిన కాడ నోరు పెట్టింది, హంసను మింగి, గోపురం పేరును మింగి, గోపురాన్నీ మింగి, ఫైల్లో అన్నిటికంటే చివరి బ్రాకెట్ కాడ గానీ మూతి తుడుచుకోలేదు. రెండు డిజైన్లూ కలిసి ఒకటే అయిపోయినాయి. హంస నెత్తిన గోపురం లేచింది. షావుకారి చూసి "ఇదేం హంసమ్మా, కొమ్ములొచ్చినాయే" అన్నాడు. నక్షత్రం పక్కన ఒక ప్రశ్న గుర్తు పెడితే మొదటి మూత కాడనే ఆగుతుందని పుస్తకంలో చదివి సరిచేసినా. ఆ రాత్రికి నాయనకు చెప్తే కడుపు పట్టుకోని నవ్వినాడు.

అట్ల మొదలైంది. ఒకరోజు కామా మరిచిపోతారు, దానికొక ముక్క అతికిస్తా. ఇంగొకరోజు అంకెకు, మాటకు మధ్య ఎడం ఉండదు, దానికొక ముక్క. అట్టలు కొట్టేటోళ్ళు తిరగేసిన బొమ్మ కావల్లంటారు, దానికొక ముక్క. అతుకుల బొంతకు మళ్ళా అతుకులు వేస్తా పోతే, ఒక ఏడాదికి ఆ గుర్తుల వరస స్క్రీను ఈ కొస నుంచి ఆ కొసకు పాకి కిందికి దిగింది. చుక్కలు, నక్షత్రాలు, గీతలు, కొక్కేలు. దాన్ని చదవగలిగేది లోకంలో నేనొక్కదాన్నే. నిజం చెప్తే జ్వరం వచ్చిన రోజు నేను గూడా చదవలేకపోతి.

జ్వరం వచ్చినా సెలవు లేదు. స్క్రిప్టు యాడన్నా తట్టుకుంటే అట్టలు నిలుస్తాయి, అట్టలు నిలిస్తే మగ్గాలు నిలుస్తాయి. షావుకారి మా పక్కింటోళ్ళ ఫోన్‌కు చేస్తాండె. నేను దుప్పటి కప్పుకోని పోయి, "సార్, మూడో వరసలో కామా చూడండి" అని చెప్తాంటి. కుడితిలో పడిన ఎలుక అంటారే, అది నేనే. పైగా ఆ కుడితి కలిపింది నా చేత్తో నేనే.

ఇట్లుండంగా బెంగుళూరులో ఒక కంపెనీ వాళ్ళు పరీక్ష పెట్టి, మాట్లాడి, నన్ను తీసుకుంటామన్నారు. పెర్ల్ వచ్చినోళ్ళే వాళ్ళకు కావల్ల. కాలేజీలో నాతో చదివినోళ్ళు పదిమందికి పైగా రాసినారు, నాకొచ్చింది. ఎగిరి గంతేసినా. వచ్చే నెల మొదట్లో చేరల్ల. షావుకారికి చెప్పినా. ఆయన నేరుగా హిందూపురం పోయి పట్టుగూళ్ళ మార్కెట్లో మా నాయనను పట్టుకున్నాడు.

సాయంత్రం ఇంటికి పోతే నాయన కాళ్ళు కడుక్కుంటా చెప్పినాడు. "ఆయనకు మాటిచ్చినానమ్మా. ఆ పని చూసుకునే మనిషి ఇంగొకరు దొరికేదాకా నువ్వు యాడికీ పోవని."

"నాయనా, ఉద్యోగం నాది. మాట నువ్వెట్ల ఇస్తావు?"

"నేనేమన్నా పోవద్దన్న్యానా? మనిషి దొరుకుతానే పో. మనమీద నమ్మకం పెట్టుకున్న మనిషిని నడిమధ్య వదిలేస్తే మార్కెట్లో నా మొగం ఎట్ల పెట్టుకోవల్ల?"

అన్నం తినకుండా పడుకున్నా. అమ్మ పెట్టదు, అడుక్కు తిననీదు అన్నట్టుంది నా పని. తలుపుకు గొళ్ళెం పెట్టింటే పగలగొట్టుకోని పోవచ్చు. నాయన మాటకు గొళ్ళెం యాడుంటుంది? కంపెనీ వాళ్ళకు ఫోన్ చేసి ఇంగొక నెల గడువు అడిగినా. ఇచ్చినారు, ఇదే ఆఖరన్నారు.

ఇంగ మనిషి వేట మొదలుపెట్టినా. డిగ్రీ అయిన పిల్లలను, కంప్యూటర్ సెంటర్లలో నేర్చుకునే పిల్లలను ఒకరి తర్వాత ఒకరిని పిల్చుకొస్తి. కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, బుజ్జగించి ఆ గుర్తుల వరస చూపిస్తాంటి. కొందరు మధ్యాహ్నం అన్నానికని పోయి రాలేదు. ఒక పిల్లోడు "అక్కా, కంప్యూటరు చెడిపోయినట్టుండాది, ఏమేమో గుర్తులు వస్తాండాయి" అన్నాడు. పెనుకొండ పిల్ల ఒకతె మాత్రం చురుకైంది. రెండు రోజులు గట్టిగా నేర్చుకునింది. దేవుడున్నాడు అనుకుంటి. మూడో రోజు నా రైలు పెనుకొండలో ఆగితే, ప్లాట్‌ఫారం మీద ఆ పిల్ల కనపడింది. నేను చెయ్యి ఊపినా. నన్ను చూసి కొళాయి చాటుకు పోయి నిలబడింది. రైలు కదిలేదాకా బయటికి రాలేదు. రైలు దిగి పోయి దాని చెవి మెలేయాలన్నంత కోపం వచ్చింది. కానీ దాని తప్పేముంది? అది స్క్రిప్టును చూసి భయపడలేదు. నన్ను చూసి భయపడింది. పని వచ్చినామె గతి ఇట్లుంటుందని రెండు రోజులు పక్కన కూర్చుని చూసింది గదా.

ఆఖరికి అక్కనే అడిగినా. "అక్కా, వరసల సంగతి నీకంటే బాగా ఎవరికి తెలుసు? నువ్వు నేర్చుకో. నేను చెప్తా."

అక్క కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసి కొంగుతో తుడుచుకునింది. "నాకొద్దు తల్లీ. నాకొచ్చని తెలిస్తే షావుకారి నన్ను వదుల్తాడా? మగ్గానికి కొయ్యలు గూడా చెప్పి పెట్టినా. ఈ వానాకాలం పోతానే పని మానుకునేదే."

ఆ కోపంలో ఒక నిర్ణయం తీసుకున్నా. మనుషులు రాకపోతే పాయె, స్క్రిప్టునే మనుషులకు అర్థమయ్యేట్టు మళ్ళా రాస్తా! కూర్చుని మొత్తం విప్పేసినా. పెద్ద ఉచ్చును చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క పక్కన అది చేసే పనేందో మామూలు మాటల్లో రాసినా. పాతదాంట్లో ఒక చిన్న ముక్క ఉండె. ఫైలు మొదట్లో పేరు కనపడేదాకా ఏముంటే దాన్ని వదిలేయమని చెప్పే ముక్క. ఎందుకు పెట్టినానో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. ఫైలు మొదట్లో పేరు కాకుండా ఏముంటాది, నా తలకాయ! చెత్త అనుకోని తీసేసినా. కొత్తదాన్ని రెండు డిజైన్ల మీద నడిపించి చూస్తే చక్కగా నడిచింది. ఆ రెండు ఫైళ్ళూ నేను టైపు చేసుకున్నవే.

వారం తిరక్కముందే షావుకారి ఒక చీర ముక్క పట్టుకోని గదిలోకి వచ్చినాడు. రుద్రాక్ష అంచు నేయమని ఇచ్చిన చీర. మొదట్లో రెండు వేళ్ళ మందాన నెమలి తోక ఉండాది, ఆ తర్వాత రుద్రాక్షలు మొదలైనాయి. "ఏమ్మా, పోయేముందు మగ్గాలకు నిప్పు పెట్టి పోతావా?" అన్నాడు. అరిచింటే బాగుండు. మెల్లగా అన్నాడు. "ఇందుకే మీ నాయనతో మాట తీసుకున్నా. నువ్వు లేకుంటే ఇది నడవదు."

నెమలి అంచు దానికి ముందు టైపు చేసిన డిజైను. దాని తోక ఇందులోకి ఎట్లొచ్చింది? అక్క టైపు చేసిన ఫైలు తెరిచి చూస్తే, పేరు కంటే ముందు, అన్నిటికంటే పైన, నెమలి అంచు చివరి వరసలు తగిలించి ఉండాయి. వెనకటి ఫైళ్ళు తెరిచినా. హంస ఫైలు తలమీద దానికి ముందరి మామిడిపిందె కొస. మామిడిపిందె ఫైలు తలమీద ఇంగోదాని కొస. ఒక్కటి గూడా ఖాళీగా మొదలు కాలేదు. పాత స్క్రిప్టు పేరు కనపడేదాకా అంతా వదిలేస్తాండె కాబట్టి ఇన్నాళ్ళూ బయటపడలేదు. నా కొత్త స్క్రిప్టు ఆ కొసను కొత్త డిజైనుకే అంటగట్టింది.

"అక్కా! ఇదేం పని? పాత డిజైను వరసలు కొత్తదాని మీద ఎందుకు పెడతాండావు?" గది అదిరేట్టు అరిచినా.

అక్క నన్ను వింతగా చూసింది. "పెట్టకుంటే ఎట్ల పాపా? ఖాళీ మగ్గం మీద ఎవరన్నా మొదలుపెడతారా?"

అప్పుడు చెప్పింది. మగ్గం మీద నిలువు పోగుల పడుగు ఒకటి అయిపోతే కడదాకా కోసేయరు. పాత పడుగు కొసలు మగ్గంలోనే ఉంచుతారు. కొత్త పడుగు పోగులు తెచ్చి, ఆ కొసలకు ఒక్కొక్కటే మెలేసి అతుకుతారు. పాతది ముందుకు జరిగితే దాని వెనకే కొత్తది వస్తుంది. మగ్గం ఖాళీ పడితే ఆ ఇంటికి మంచిది కాదంటారు. వాళ్ళ నాయన అట్లే, వాళ్ళ తాత అట్లే. కంప్యూటరయినా ఏదయినా, కొత్తది ఎత్తుకుంటే పాతదాని కొస పైన ఉండాలనుకునింది. ఎవరూ అడగలేదు, ఆయమ్మా చెప్పలేదు.

నాకు నవ్వు వచ్చింది, కండ్లల్లో నీళ్ళూ వచ్చినాయి. ఆ చిన్న ముక్కను మళ్ళా తెచ్చి దాని చోట దాన్ని పెట్టినా. పక్కన "ఇది తీయగూడదు, ఇది పాత కొసను దాటేస్తుంది" అని రాసినా. స్క్రిప్టు నడిచింది. షావుకారికి చూపించినా. "బాగుండాది" అన్నాడు. "రేపు మళ్ళా ఏదన్నా అయితే ఎవరు చూస్తారు? నేను మీ నాయనను మనిషిని అడిగినా, కాగితం అడగలేదు."

అది గడువులో ఆఖరి రోజుల మాట. ఇంగ ఎవర్నీ వెతికే ఓపిక లేదు. బెంగుళూరు వాళ్ళకు రాలేనని చెప్పేదానికి మాటలు గూడా మనసులో కూర్చుకుంటి. మధ్యాహ్నం డబ్బా మూత తీసి, ముద్ద నోట్లో పెట్టుకోలేక అట్లే కూర్చున్నా. అక్క వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది.

"లెయ్."

"ఏమక్కా?"

"లెయ్ పాపా. ఆ ఉచ్చులేందో నాకు చూపీ. ఆ కొసను దాటేదానికాడ నుంచి చెప్పు, అదైతే నాకు తెలుసు."

"మగ్గం ఎక్కుతానంటివే?"

"ఎక్కుతాలే. నీ ఏడుపు మొగం చూడల్యాక సస్తాండా ఈడ." కుర్చీ లాక్కోని కూర్చునింది. "నాకైతే ఈ ఊరే. ఇప్పుడు కాకుంటే రేపెక్కుతా మగ్గం. నీది రైలు. రేపు పోతానంటే ఆగుతుందా?"

వద్దనాల్సింది, అంటారు వినేవాళ్ళు. నేను వద్దనలేదు. మాట మార్చుకుంటుందేమో అని భయపడి, చెయ్యి గూడా కడుక్కోకుండా చెప్పడం మొదలుపెట్టినా. మిగిలిన రోజులంతా చెప్పినా. ముక్కలుగా రాసి పక్కన మాటలు పెట్టింటి గదా, అక్క వాటిని పట్టుకోని ఒక్కొక్కటే నేర్చుకునింది. తప్పు చేసేది, నన్ను తిట్టేది, మళ్ళా చేసేది. ఆఖరి రోజు షావుకారి ఎదురుగా ఒక ఫైల్లో తప్పు ఆయమ్మే వెతికి సరిచేసింది. షావుకారి మొగం వెలిగిపోయింది. "ఇంగ నువ్వు పోవచ్చమ్మా" అన్నాడు. నాతో అంటాండాడు గానీ, చూసేది అక్క దిక్కు.

నేను లేచేటప్పుడు స్క్రీను మీద నేను టైపు చేసిన ఆఖరి డిజైను ఉండె. అక్క దాని చివరి వరసలు తీసి కొత్త ఫైలు పైన పెట్టింది. దాని కింద కొత్త డిజైను పేరు కొట్టింది. "ఖాళీ పడలేదు. పోయి రా" అనింది. వాకిలి దాటినాక వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే పోలేనని తెలుసు. ఆ సాయంత్రం హిందూపురంలో రైలు దిగితే నాయన ఎదురొచ్చి సంచీ పట్టుకున్నాడు. "చూసినావా, మాట నిలబడింది, నువ్వూ పోతాండావు" అన్నాడు సంతోషంగా. నాకు ఒళ్ళు మండింది. మరుసటి పొద్దున ఆ అవతలి ప్లాట్‌ఫారం మీద నేనూ నిలబడినా.

ఏండ్లు గడిచినాయి. ఇంట్లో ఒక పెండ్లికి చీరలు తీసుకుందామని ధర్మవరం పోయి, ఆ గదికి పోయినా. కంప్యూటరు మారింది. ఫ్యాను మారింది. అక్క అదే చోట, అదే కుర్చీలో ఉండాది. తల సగం నెరిసింది. గళ్ళ కాగితం ఎడమ పక్కనే ఉండాది. నన్ను చూసి "పాపా!" అని లేచి చేతులు పట్టుకునింది. స్క్రీను మీద నా స్క్రిప్టే నడుస్తాంది. మాటా మాటా అయినాక అడగకుండా ఉండలేకపోతి. "మగ్గం ఎక్కినావా అక్కా?"

"కొయ్యలు అటక మీద ఉండాయి. చెదలు పట్టలేదులే" అనింది.

అప్పుడు ఆయమ్మ కండ్లు నా భుజం మీదుగా వాకిలి కాడికి పోయినాయి. నా వెనక ఎవరన్నా లోపలికి వస్తారేమో అని కాసేపు చూసింది.

"నేర్చుకునేదానికి ఎవర్నన్నా పిల్చుకొచ్చినావా పాపా?"

"లేదక్కా, ఒక్కదాన్నే వచ్చినా" అన్నా.